కొబ్బరితోటలో వంటచెరకు కరువు: ఒక లంక ఇంటి కేస్ స్టడీ

ఇళ్ళలో వంటచెరకు వాడకంపై గోదావరి డెల్టాలో పదిహేనేళ్ళుగా క్షేత్రస్థాయిలో పనిచేస్తున్నాను. ఈ కాలంలో చూసిన ఇళ్ళలో ఈ ఒక్క ఇంటి సంగతి విడిగా రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇంటావిడ మొదటిరోజు చెప్పిన ఒక్క వాక్యంలోనే సమస్య మొత్తం ఉన్నా, దాన్ని సరిగా వినిపించుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఊరి పేరు, ఇంటివారి పేర్లు, తోట యజమాని వివరాలు రాయడం లేదు. ఆనవాలు పట్టగలిగిన ఒకటి రెండు చిన్న విషయాలను మార్చాను. తూకాలు, తేదీల క్రమం మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

కోనసీమలో, గోదావరి పాయ మధ్యనున్న ఒక లంక గ్రామం అది. ఇంట్లో ఐదుగురు: దంపతులు, ఇద్దరు పిల్లలు, భర్త తల్లి. భర్త కొబ్బరి దింపు కార్మికుడు. ఎండాకాలంలో చెట్లెక్కి దింపు తీస్తాడు, వరదల కాలంలో పని దొరికినరోజే కూలి. భార్య అదే తోటలో కాయలు పోగుచేయడానికి, కాయపైని పీచు తొడుగు, అంటే డొక్క, వలిచేచోట పనికి వెళుతుంది. వారు పనిచేసే తోట సుమారు మూడెకరాలు, చెట్లు నూట తొంభై దాకా ఉంటాయి. ఇంటిమీద సిమెంటు రేకులు, ముందు వసారా, వెనక తాటాకు పాకలో మట్టిపొయ్యి. గ్యాసు కనెక్షన్ ఉంది. అయితే ఏడాదికి ఒకటో రెండో సిలిండర్లు తీసుకుని, టీకీ, చుట్టాలు వచ్చినప్పుడూ మాత్రమే వెలిగించేవారు.

డెల్టా బయటివారికి ఇక్కడొక సందేహం రావాలి. చుట్టూ కొబ్బరిచెట్లున్న ఇంటికి పొయ్యిలోకి కరువేమిటి? పాతికేళ్ళ కిందట అది సరైన సందేహమే. అప్పట్లో డొక్కలు పెరట్లో గుట్టగా పడి ఉండేవి, ఎవరికి కావలసినన్ని వారు తెచ్చుకునేవారు. ఇప్పుడు డొక్క పీచు పరిశ్రమకు లారీలెక్కి పోతుంది, చిప్ప బొగ్గు చేసేవారికి పోతుంది. ఇంటింటా పశువులు తగ్గడంతో పిడకలు కొనుక్కునే సరుకయ్యాయి. వరిచేలు చేపల చెరువులుగా మారినచోట గట్లమీది తుమ్మ, గానుగ చెట్లు కూడా పోయాయి. కూలివారికి మిగిలింది కొబ్బరిమట్ట ఒక్కటే. అది కూడా రాలినదీ, దింపులో నరికినదీ తోట పనివారు తీసుకోవచ్చన్న వాడుక వల్ల మిగిలింది తప్ప, ఎవరూ రాసిచ్చిన హక్కు కాదు.

సమస్య మా దగ్గరికి వచ్చిన తీరు

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారన్నది గుర్తుంచుకుంటే, లంకల్లో ఏమై ఉంటుందో ఊహించవచ్చు. ఈ ఇంట్లో నీరు నాలుగు రోజులు నిలిచింది. పెరట్లో పేర్చిన మట్టల కుప్ప కొట్టుకుపోయింది, పొయ్యి కరిగి గడ్డయింది. నీరు తీస్తున్న రోజుల్లో భర్త నడుముకు తాడు కట్టుకుని, ప్రవాహంలో కొట్టుకొస్తున్న దుంగను పట్టబోయి మునిగిపోతుంటే పక్కింటివారు లాగి గట్టున పడేశారు. లంకల్లో వరద కట్టెలు పట్టడం కొత్త కాదు, దాన్ని సాహసంగా కూడా ఎవరూ లెక్కపెట్టరు. కానీ ఆ దుంగ పొయ్యికోసమని తెలిసి, గ్రామంలో సహాయ కార్యక్రమాలు చూస్తున్న సహోద్యోగి నాకు కబురుచేశారు.

ఆగస్టు రెండో వారంలో వెళ్ళాను. పాకలో ఇటుకలమీద తపేలా ఉంది. పచ్చి మట్ట మొదళ్ళు బుసబుసమని నురగ కక్కుతున్నాయి. అంటించడానికి పాత సైకిల్ ట్యూబును అంగుళం అంగుళం ముక్కలుగా కోసి, ఒక డబ్బాలో దాచుకుంది ఇంటావిడ. నేను పొయ్యి గురించి అడుగుతుంటే ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టి, “పొయ్యి ఎలాగోలా వేసుకుంటామండీ, అందులో పెట్టడానికి ఎండినదే లేదండీ” అంది. నేను నోటుపుస్తకంలో ‘వంటచెరకు కొరత, పొగ ఎక్కువ, పొయ్యి సామర్థ్యం తక్కువ’ అని రాసుకున్నాను. ఆమె అన్న ‘ఎండినదే’ అన్న మాట నా రాతలో లేదు.

మొదటి ప్రయత్నం: పొయ్యి మార్చడం

నా ఆలోచన ఇలా సాగింది. చెరకు తక్కువగా ఉంది. మామూలు మట్టిపొయ్యిలో వంద పాళ్ళ వేడి పుడితే పది పదిహేను పాళ్ళే గిన్నెకు చేరుతుంది. అదే ఇరవై, ఇరవై ఐదుకు పెంచితే ఉన్న మట్టలే సరిపోతాయి. లెక్కలో తప్పు లేదు. 1950ల నాటికి హైదరాబాద్‌లో ఎస్.పి. రాజు రూపొందించిన పొగలేని పొయ్యి మొదలుకొని, 1980లలో మొదలై 2002లో ముగిసిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం దాకా, మా రంగంలో చాలామందికి ఇదే అలవాటు: ఏ సమస్య చెప్పినా ముందు పొయ్యి వైపు చూస్తాం.

సెప్టెంబరు మొదటివారంలో రెండు కంతలు, ఇనుప జల్లెడ, పొగగొట్టం ఉన్న పొయ్యి కట్టించాం. మూడు వారాల తరువాత వెళ్ళేసరికి జల్లెడ తీసి గోడకు ఆనించి ఉంది. దాని కారణం సులువుగానే అర్థమైంది. మట్ట మొదలు జానెడు వెడల్పు ఉంటుంది, నేను పెట్టించిన నోరు ఐదంగుళాలు. పాత పొయ్యిలోనైతే బారెడు మట్టను నిలువునా పెట్టి, కాలుతున్నకొద్దీ కాలితో లోపలికి నెట్టుకుంటూ కూర తరుక్కోవచ్చు. కొత్తదానికి ప్రతి మట్టనూ కత్తితో చీల్చాలి. ఆ పనికి రోజుకు అరగంట పోతోంది. తడి చెరకు పొగతో గొట్టం లోపల తారులాంటి జిగురు పట్టి, గాలి లాగడం కూడా తగ్గిపోయింది.

అసలు నేను చూడవలసింది వేరే ఉంది. రెండో కంతమీద తపేలా లేదు. చీల్చిన మట్ట ముక్కలు దానిమీద వరసగా పరచి ఉన్నాయి. రెండు గిన్నెలకోసం కట్టిన పొయ్యిని ఆమె ఒక గిన్నె పొయ్యిగానూ, ఒక ఆరబెట్టే పెనంగానూ మార్చుకుంది. ఆ రోజు నాకది పొయ్యిని సరిగా వాడకపోవడంగా కనిపించింది, కొంచెం విసుగు కూడా వచ్చింది. రెండో కంత ఎందుకుందో మళ్ళీ ఒకసారి వివరించి వచ్చేశాను. ఆమె మర్యాదకు తల ఊపింది.

రెండో ప్రయత్నం: ఊక పొయ్యి

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రేకు డబ్బా మధ్యలో గొట్టం నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, గొట్టం తీసి అంటిస్తే రెండు గంటలపైన మండుతుంది. డెల్టాలో ఊకకు లోటుండదనుకున్నాను. కానీ ఉప్పుడు బియ్యం చేసే మిల్లులు ఊకను తమ బాయిలర్లకే వాడుకుంటాయి. మిగిలినదాన్ని కొని, పంటుమీద రేవు దాటించి తెచ్చేసరికి ధర గిట్టలేదు. అదీగాక ఊకలో ఐదోవంతు దాకా బూడిదే, రోజూ దాన్ని ఎత్తి పారబోయాలి. వంట ముగిసినా మధ్యలో ఆర్పడం కుదరదు. తేమ తగిలిన ఊక ముద్దకట్టి, గొట్టం తీయగానే కూలిపోయింది. పదకొండో రోజున డబ్బా కోళ్ళగూడుకు మూతగా మారింది.

తూకం

అక్టోబరు నెలాఖరున, మరేం చేయాలో తోచక, మొదట చేయవలసిన పని చేశాను. వేలాడదీసే కాటా ఒకటి పాక వాసానికి కట్టి, ఏడురోజులపాటు పొయ్యిలోకి పోయే ప్రతి మట్టనూ తూచి రాయమని పెద్దపిల్లవాడికి అప్పగించాను. రోజుకు సగటున 8.6 కిలోలు తేలింది. ఒక మట్ట మొదలు నుంచి వంద గ్రాముల ముక్క కోసి తెచ్చి, బరువు తగ్గడం ఆగేదాకా ఓవెన్‌లో ఆరబెడితే 66 గ్రాములయింది. అంటే మూడోవంతు నీరే.

ఫిబ్రవరి నెలాఖరులో అదే ఇంట్లో, అదే పొయ్యిమీద, అదే కాటాతో మళ్ళీ ఏడురోజులు తూచాం. ఈసారి ముక్కలో తేమ పదో వంతు మాత్రమే. రోజువారీ వాడకం 4.8 కిలోలు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. తడి చెరకు ఎక్కువ ఖర్చవుతుందని ఎవరికైనా తెలుసు. ఎంత ఎక్కువన్నదే ప్రశ్న. పూర్తిగా ఎండిన మట్టలో కిలోకు నాలుగు వేల కిలోకేలరీల వేడి ఉందనుకుందాం. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 620 కిలోకేలరీలు పోతాయి. ఆ లెక్కన ఎండాకాలపు 4.8 కిలోలకు బదులు వానాకాలంలో 6.9 కిలోలు చాలాలి. కానీ పొయ్యి తిన్నది 8.6. ఆ మిగతా 1.7 కిలోలు ఎక్కడికి పోయినట్టు? పొగలోకి. తడి చెరకు మంటను చల్లబరుస్తుంది. చల్లబడ్డ మంటలో మట్ట నుంచి వచ్చే ఆవిర్లు అంటుకోవు, కాలకుండానే పొగగా బయటికి పోతాయి. ఇంటావిడ కళ్ళు మండించిన పొగ ఆ ఇంటివారు మోసుకొచ్చిన చెరకేనన్నమాట.

తరువాత ఏడాది మొత్తానికి లెక్క వేశాను. కొబ్బరిచెట్టు ఏడాదికి సుమారు పన్నెండు మట్టలు రాలుస్తుంది. నూట తొంభై చెట్లకు రెండు వేల పైచిలుకు. ఈనెలు తీశాక ఎండిన మట్ట 1.8 కిలోలు తూగింది. తోటలో రెండు కుటుంబాలు పంచుకుంటాయి కాబట్టి ఒక్కో ఇంటికి ఏడాదికి రెండు టన్నులు. రోజుకు 4.8 చొప్పున ఈ ఇంటికి కావలసింది టన్నూ ముప్పావు. కాగితంమీద కరువే లేదు. జూన్ నడిమి నుంచి నవంబరు నడిమి దాకా ఉన్న నూట యాభై రోజులకు ఎండిన చెరకు మాత్రం లేదు. మొదటిరోజు ఆమె చెప్పింది సరిగ్గా ఇదే.

ఎందుకు దాచుకోలేదు

ఇక్కడ మరో తప్పటడుగు పడేదే. ‘ఎండాకాలంలో పోగుచేసి దాచుకోండి’ అని చెప్పి వచ్చేయాలనిపించింది. అయితే రెండు ప్రయత్నాలు చెడిన అనుభవంతో, ఆ మాట అనకుండా, ఇంతకాలం ఎందుకు దాచుకోలేదో అడిగాను. అత్తగారు ఒక్కొక్కటే చెప్పింది. కుప్ప నేలమీద పెడితే రెండు నెలల్లో చెదలు పడుతుంది. కుప్పలో పాము చేరుతుంది, పిల్లలున్న ఇల్లు. వైశాఖంలో వడగాలికి ఎక్కడో నిప్పురవ్వ లేస్తే ముందు అంటుకునేది మట్టల కుప్పే. ఆమె చిన్నప్పుడు అలాగే ఒక వరస ఇళ్ళు కాలిపోయాయి. ఇంత చేసి దాచినా ఎర్రనీళ్ళు వస్తే గోదారి పాలే. “గోదారికి పెట్టుబడి ఎవడు పెడతాడు బాబూ?” అందామె.

ఇవేవీ తెలియనితనంతోనో బద్ధకంతోనో చెప్పిన కారణాలు కావు. వీటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఏ ఏర్పాటూ నిలవదు. అందుకని ఆ నాలుగు అభ్యంతరాలనే మా పనికి కొలతలుగా పెట్టుకున్నాం.

పనిచేసినది

వసారాలో గోడమీద 2022 వరద గుర్తు ఇంకా చెరగలేదు, నేల నుంచి మూడడుగుల రెండంగుళాలు. ఎండిన మట్టలు దాచడానికి ఒక అటక కట్టి, దాని అడుగును నాలుగున్నర అడుగుల ఎత్తున వేయాలని నిర్ణయించాం. మరీ పైకి వేస్తే ఆడవారికి అందదు, కిందికి వేస్తే నీటికి అందుతుంది. సరుగుడు బాదులు నిలబెట్టి, పైన వెదురు దబ్బలు ఎడంగా పరిచాం. రెండు పక్కలా గాలి ఆడేట్టు తెరిచి వదిలాం. బాదుల మొదళ్ళకు వాడిన ఇంజనాయిలు పూస్తే చెదలు ఎక్కడం కూడా ఆగింది. వానజల్లు కొట్టే పడమటి వైపు మాత్రం తాటాకు తడిక కట్టాం. కొన్న సామానుకు సుమారు 3,200 రూపాయలయింది. కూలి ఇంటివారిదే.

అటకను పొయ్యిపైన వేస్తే వేడికి ఇంకా బాగా ఆరుతుందని భర్త అన్నాడు. అందులో నిజం ఉంది, పాత ఇళ్ళలో పొయ్యిపైన పిడకల అటక ఉండేది. కానీ తాటాకు పాకలో, అత్తగారు చెప్పిన అగ్ని భయం తరువాత, మూడు వందల కిలోల ఎండు మట్టను నిప్పుకు ఎదురుగా పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. రాజీగా, పొయ్యి వెనక గోడకు రెండురోజుల చెరకు పట్టే చిన్న ఇనుప బల్ల ఒకటి బిగించాం. ఆమె తనంతట తాను కనిపెట్టిన రెండో కంత పనిని ఈ బల్ల చేస్తుంది. ఆమెకు క్షమాపణ చెప్పినదీ అప్పుడే.

పోగుచేయడం ఫాల్గుణం నుంచి మొదలైంది. ఇందులో నేను నేర్చుకున్నదే ఎక్కువ. మట్టలో నీరు దాగేది మొదట్లో. ఆకు వైపు వారంలో ఎండినా, మొదలు నెల దాటినా లోపల స్పంజిలా ఉంటుంది. అందుకే దింపు రోజునే, పచ్చిగా ఉండి కత్తి తేలిగ్గా దిగేటప్పుడే, మొదళ్ళను నిలువునా చీల్చి ఎండలో పడేయాలని ఇంటావిడ తేల్చింది. అటకెక్కించే ముందు రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టి చూసేది. ‘టక్’మంటే పైకి, ‘దబ్’మంటే మళ్ళీ ఎండకు. నా తేమ లెక్కలతో ఒక పూట సరిపోల్చి చూస్తే, ‘టక్’మన్న ముక్కల్లో తేమ పన్నెండు శాతం దాటలేదు. ఆ తరువాత నేను ఓవెన్‌ను మరచిపోయాను.

అటకలో పట్టేది మూడు వందల కిలోలు. నూట యాభై రోజులకు కావలసింది 720. మిగతాది గ్యాసుతో పూడ్చాలి. వానాకాలానికి గ్యాసు, ఎండాకాలానికి మట్ట అన్న అమరిక మాకు తేలిగ్గా తోచింది గానీ, ఇంటివారి అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు. గ్యాసు ఖరీదైనది కాబట్టి దాన్ని చుట్టాలకోసం దాస్తారు. వానలో తడి మట్టతో కుస్తీ పడతారు. సిలిండరులోని 14.2 కిలోల గ్యాసు ఈ ఇంటి వంటకు సుమారు నలభై రోజులు చాలుతుందని లెక్క చూపించాను. 2023లో ఆషాఢానికి ముందే నింపించి పెట్టుకున్నారు, ఎందుకంటే వరదొస్తే బండి రేవు దాటదు. గ్యాసుమీదే వండిన కాలం 38 రోజులు తేలింది. 2024 దీపావళి నుంచి రాష్ట్ర ప్రభుత్వ దీపం పథకం రెండో దశలో నాలుగు నెలల విడతకు ఒకటి చొప్పున ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు రావడంతో లెక్క మరింత కలిసివచ్చింది. ఏప్రిల్ నుంచి జూలై విడతలోనిదాన్ని వానలదాకా ఆపి తెచ్చుకుని, ఆగస్టు విడతలోనిదాన్ని వెంట అందుకుంటే, వానాకాలంలో సగంపైగా గడిచిపోతుంది.

వాడకం తగ్గించడంలో కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. ఫిబ్రవరి తూకంలో 4.8 కిలోల్లో ఒకటిన్నర కిలో నీళ్ళ కాగుకే పోతోంది. వంట కాగానే నిప్పులమీదికి కాగు ఎత్తి, మూతపెట్టి, మట్ట మళ్ళీ వేయకుండా వదిలేయడంతో అది సగానికి తగ్గింది. పప్పు నానబెట్టి, ఒక ఉడుకు రానిచ్చి, తపేలాను బొంతలో చుట్టిపెట్టడం కూడా నిలిచింది. అన్నం మాత్రం గంజి వార్చకుండా అత్తెసరు పెట్టి వండమంటే అత్తగారు ఒక ముద్ద తిని, కంచం పక్కకు నెట్టింది. ఆ సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

2023 జూలై నెలాఖరు వరదలో నీరు వసారా అరుగు దాకా వచ్చి తీసింది. అటక తడవలేదు. ఆ అక్టోబరులో తూచినప్పుడు, మట్టమీద వండిన రోజుల్లో సగటు 4.3 కిలోలు, ముందటి ఏటి అంకెకు సరిగ్గా సగం. సైకిల్ ట్యూబు డబ్బాలో ఉప్పు పోసుకున్నారు. భర్త దుంగలకోసం నీళ్ళలోకి దిగలేదు.

మిగిలిన పాఠాలు, మిగిలిన చిక్కులు

ఈ కేసు తరువాత నా పనిలో మారినవి రెండు. ఏ ఇంటికి వెళ్ళినా పొయ్యి కంటే ముందు చెరకు పెట్టేచోటు చూస్తాను, అదీ వానాకాలంలోనే చూస్తాను; ఎండాకాలంలో ప్రతి ఇంటి పొయ్యీ బాగానే మండుతుంది. ఇచ్చిన వస్తువును ఇంటావిడ వేరే పనికి వాడుకుంటుంటే, దాన్ని సరిదిద్దబోయే ముందు ఆ పని ఏమిటో రాసుకుంటాను. కొత్త పొయ్యి తప్పని కూడా నేను చెప్పడం లేదు. ఎండిన మట్ట చేతికొచ్చాక, నోరు తొమ్మిదంగుళాలకు పెంచి, జల్లెడ లేకుండా మళ్ళీ కట్టిన పొయ్యి ఈ ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. క్రమం తప్పుగా పెట్టాను, అంతే.

అదే వీధిలో మరో ఆరిళ్ళవారు అటకలు వేసుకున్నారు. వాటిలో రెండు పనిచేయలేదు. ఒకదాన్ని గాలి ఆడకుండా పట్టాతో చుట్టేశారు, లోపల బూజు పట్టింది. మరొకరికి ఏ తోటలోనూ మట్టల వాడుక లేదు. ఖాళీ అటకమీద ఇప్పుడు వలలు ఆరేసుకుంటున్నారు. ఆ ఇంటికి నా దగ్గర ఇంకా దారి లేదు.

మొదటి ఇంటికి కూడా ఆ వాడుక నిలకడైనది కాదని 2025 వేసవిలో తెలిసింది. తోట కౌలు మారింది. కొత్త కౌలుదారు మట్టలను ఊరికే ఇవ్వనన్నాడు, లెక్కకట్టి కూలిలో మినహాయిస్తానన్నాడు. మట్టకింత అని ఆయన, బరువుకింత అని ఇంటావిడ. చిన్న మట్టకూ పెద్ద మట్టకూ ఒకే లెక్క ఎలా అవుతుందని ఆమె వాదన. నేను వెళ్ళిన రోజున ఆ బేరం ఇంకా తెగలేదు. బయల్దేరుతుంటే వాసానికి వేలాడుతున్న కాటాను విప్పబోయాను. “అది ఉంచేయండి బాబుగారూ, దింపు రేపే” అని ఆమె ముడి మళ్ళీ బిగించింది.